పనితనం వాడది, పెత్తనం ఊరిది
(వాడ చరిత్ర – 14వ భాగం)



పోయినవారం క్లాసులో ఒక డిగ్రీ అబ్బాయి అడిగాడు. "సార్, చేతిపనులోళ్లకి ఇప్పుడు ట్రైనింగులు ఇస్తా ఉండారు, లోన్లు ఇస్తా ఉండారు, సోషల్ బిజినెస్ అంటా ఉండారు. పనితనం ఉంటే చాలు కదా, ఇంక మనోళ్లు ఎందుకు పైకి రాలేదు?" ఆ పిల్లోడిది పలమనేరు పక్క పల్లె. వాళ్ల ఇంట్లో రెండు తరాల కిందటి దాకా తోలుపని చేసినవాళ్లే. ఐదు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

సోషల్ బిజినెస్ అనే మాటను ప్రపంచంలో బాగా ప్రచారం చేసింది బంగ్లాదేశ్‌కు చెందిన మహమ్మద్ యూనస్. గ్రామీణ బ్యాంకు పెట్టినాయన, 2006లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాయన. ఆయన చెప్పిన సూత్రం సులభమైనదే. సమాజంలో ఉన్న ఒక కష్టాన్ని తీర్చడానికే వ్యాపారం పెట్టాలి. పెట్టుబడి పెట్టినవాళ్లు తమ డబ్బు తాము తిరిగి తీసుకోవచ్చు గానీ లాభాలు పంచుకోకూడదు. మిగిలింది మళ్లీ ఆ పనిలోకే పోవాలి.

వినడానికి బాగుంది. కాకపోతే ఇందులో డబ్బు పెట్టినవాడి లెక్క ఉంది. పనితనం పెట్టినవాడి లెక్క ఎక్కడ రాస్తారు? మన జిల్లా తోలు చరిత్ర చదివితే నాకు కనబడే ప్రశ్న ఇదే.

*

ముందు కపిల బావి సంగతి.

కరెంటు మోటార్లు రాకముందు రాయలసీమలో బావి కింద సేద్యం అంటే కపిలే. రెండు ఎద్దులు, ఒక వాలు బాట, మోకు, బాన. బానకు కింద తోలు తొండం. ఎద్దులు వాలులోకి దిగితే బాన పైకొస్తుంది, తొండం లోంచి నీళ్లు కాలువలో పడతాయి. మడి తడిసేది ఆ నీళ్లతోనే. ఆ తొండం చేసేది మాదిగ. అది చిరిగితే కుట్టేది మాదిగ. ఎద్దు మెడకు వారు, ముల్లుకర్రకు తోలు, రైతు కాలికి చెప్పు, జాతరకు పలక, అన్నీ మాదిగవాడ నుంచే.

దీనికి కూలి డబ్బుల్లో లేదు. పంట కోశాక కళ్లంలో "మేర" అని ఇన్ని గింజలు కొలిచేవాళ్లు. కొలిచేది రైతు, కొలమానం రైతుది. గింజలు తక్కువని అడిగితే మరుసటి ఏడు అవీ ఉండవు.

ఊరంతా అన్నం తినడానికి వాడ పనితనం కావాలి. మడి తడవాలంటే మాదిగ కుట్టిన తోలు తొండంలోంచి నీళ్లు పారాలి. అదే మాదిగ అదే బావిలో చెంబు ముంచితే మాత్రం బావి మైల. తన చేతి తోలు తగిలిన నీళ్లు మైల కావు, తన చెయ్యి తగిలితే మైల. ఈ తర్కాన్ని ఎవరైనా నాకు అర్థమయ్యేలా చెబితే వింటాను.

ఒక సమాజానికి మేలు చేసే పనితనం అంటే ఇంతకంటే ఏముంటుంది? అంటే మన దగ్గర పనితనానికి ఎప్పుడూ కొదవ లేదు. ఆ పని మీద మాట చెల్లే హక్కు లేదు.

*

ఇప్పుడు అసలు పని ఎట్లా ఉంటుందో చూద్దాం. చదువుకున్నవాళ్లు చాలామంది దాన్ని "కంపు పని" అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

పశువు చచ్చాక గంటల్లోనే తోలు ఒలవాలి. కత్తి ఒక్క చోట లోతుగా దిగినా తోలుకు చిల్లు పడుతుంది, ధర పోతుంది. తర్వాత సున్నం నీళ్లలో నానబెట్టాలి. వెంట్రుకలు వదులయ్యాక గీకాలి. తిప్పి లోపలి మాంసం పొర గీకాలి. సున్నం పోయేదాకా కడగాలి. అప్పుడు తంగేడు చెక్క. మన గుట్టల మీద పసుపుగా పూసే తంగేడే. ఆ చెక్క దంచి నీళ్లలో నానబెడితే వచ్చే వగరు రసమే పచ్చి చర్మాన్ని తోలుగా మారుస్తుంది. మొదట పలచటి రసం, తర్వాత చిక్కటిది. మొదటే చిక్కటి రసం వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపల పచ్చిగానే ఉండిపోతుంది. పల్లెల్లో చర్మాన్నే సంచిలా కుట్టి, అందులో చెక్కా నీళ్లూ నింపి, కర్రలకు వేలాడదీసేవాళ్లు. రసం లోపలి నుంచి బయటికి ఊరుతూ తోలును పండిస్తుంది. చివర్లో కరక్కాయ, ఆ పైన నూనె.

ఇది రసాయన శాస్త్రం. పుస్తకంలో రాయలేదు కాబట్టి శాస్త్రం కాదన్నారు, అంతే తేడా. మా జేజినాయన ఆరె, రంపె పట్టుకున్న ఆఖరి మనిషి మా ఇంట్లో. ఆయన పని గురించి మా జేజి చెప్పేది: "తోలు నానేస్తే మెత్తబడదు నాయనా, వేలితో నొక్కి దాని మాట వినాల." వేలితో నొక్కి చర్మం ఏ దశలో ఉందో తెలుసుకోవడం ఏ ట్రైనింగ్ సెంటర్లో మూడు నెలల్లో వస్తుంది?

*

ఇక ఈ పనితనం ఎవరికి లాభం తెచ్చిందో చూద్దాం.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి పేర్లు ఇవాళ మనకు తమిళనాడు ఊళ్లుగా వినబడతాయి గానీ చిత్తూరు నుంచి రాణిపేట గంట ప్రయాణం. ఒకే గుట్టలు, ఒకే తంగేడు, ఒకే తోలు సంత.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రాంతం నుంచి, మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, తంగేడు చెక్కతో పండించిన తోళ్లు లండన్ సంతకు పోయాయి. అక్కడ వాటి పేరు "ఈస్ట్ ఇండియా" తోలు. శతాబ్దం చివరికి ప్రెసిడెన్సీ ఎగుమతుల్లో పెద్దవాటిలో తోలు ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్ల కోసం ఈ తోలు అంతగా కావలసి వచ్చి, 1916 నుంచి ప్రభుత్వమే కొనుగోలును తన చేతిలోకి తీసుకుంది. ఫ్రాన్సు బురదలో నడిచిన బ్రిటిష్ సైనికుడి కాలికి మన తంగేడు వాసన అంటింది.

పద్ధతికి పునాది పల్లె మాదిగదీ, అరవ సీమ చక్కిలిదీ. కానీ ఫ్యాక్టరీలు, తోళ్ల మండీలు వాళ్లవి కాలేదు. సవర్ణులు ముట్టని సరుకు కాబట్టి ముస్లిం వ్యాపారులు ధైర్యంగా ఈ రంగంలోకి వచ్చి నిలబెట్టారు, వాళ్ల కష్టాన్ని తక్కువ చెయ్యను. ఎగుమతి మద్రాసులోని యూరోపియన్ కంపెనీల చేతిలో ఉండేది. మనవాళ్లు తొట్లలో దిగి తోలు తొక్కే కూలీలు అయ్యారు.

ఇంతకంటే పెద్ద నష్టం పల్లెలో జరిగింది. చచ్చిన పశువు తోలు అప్పటిదాకా ఆనవాయితీగా మాదిగది. ఊరి వాళ్లకు దాంతో పని లేదు, ముట్టరు. సంతలో తోలుకు ధర పలకడం మొదలయ్యాక అదే ఆసామి "తోలు నాది, డబ్బు ఇచ్చి తీసుకో" అన్నాడు. కళేబరం మైలగానే ఉండిపోయింది, దాని ధర మాత్రం శుద్ధి అయిపోయింది. సరుకు మీద మనకున్న ఒకే ఒక్క హక్కు అట్లా పోయింది.

*

ఈ కథలో ఒక తెల్లదొర కూడా ఉన్నాడు. ఆల్ఫ్రెడ్ చాటర్టన్, మద్రాసు ఆర్ట్స్ స్కూల్ సూపరింటెండెంటు. 1903లో ఆయన మద్రాసులో క్రోమ్ పద్ధతిలో తోలు పండించే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఎందుకో తెలుసా? కపిల బానల కోసం. చెక్క తోలు నీళ్లలో నాని నాని తొందరగా కుళ్లుతుంది, క్రోమ్ తోలు ఎక్కువకాలం నిలుస్తుంది. రైతుకు ఖర్చు తగ్గుతుందని ఆయన లెక్క. 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ తోలుపని మీద ఒక గ్రంథం కూడా అచ్చు వేశాడు.

ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అది ప్రభుత్వం పెట్టిన సోషల్ బిజినెస్సే. ప్రజల కష్టం ఒకటి, దానికి పరిష్కారం ఒకటి, లాభం కోసం కాదు. ఏమైంది? ప్రభుత్వం మాతో పోటీ పడుతోందని ప్రైవేటు వ్యాపారులు గోల పెట్టారు. 1910లో లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి లార్డ్ మార్లే, ప్రభుత్వం పరిశ్రమలు నడపకూడదని తేల్చేశాడు. ఫ్యాక్టరీ చేతులు మారింది.

నా దృష్టిలో లోపం ఇంకా ముందే ఉంది. రైతుకు బాన చౌకగా రావాలని ఆలోచించారు. ఆ బాన చేసే మనిషి ఆ ఫ్యాక్టరీలో ఎవరు? కూలీనా, భాగస్వామా? ఈ ప్రశ్న అక్కడ పుట్టలేదు. మేలు పొందేవాళ్లుగా రైతులు కనబడ్డారు, పనిముట్టుగా మనం కనబడ్డాం.

స్వాతంత్య్రం వచ్చాక 1948లో మద్రాసు అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వచ్చింది. మన తెలుగువాడు యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు. తోలు శాస్త్రాన్ని ప్రపంచ స్థాయికి తీసుకెళ్లిన మనిషి, గౌరవంగా తలచుకోవాలి. మన రాష్ట్రంలో 1973లో లిడ్‌క్యాప్ అనే తోలు పరిశ్రమల సంస్థ కూడా పెట్టారు. అయినా మీ ఊరి మాదిగవాడలో తిరిగి చూడండి. తోలు పండించే తొట్టి ఒక్కటన్నా కనబడుతుందా? బస్టాండు చెట్టు కింద ఆరె పట్టుకొని కూర్చున్న పెద్దాయన మాత్రం కనబడతాడు. ఆయన కుట్టేది రెగ్జిను, రబ్బరు.

*

తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ని కాబట్టి ఒక మాట. 1941లో గుర్రం జాషువా "గబ్బిలం" రాసినప్పుడు, కావ్య నాయకుడిగా చెప్పులు కుట్టే మనిషిని నిలబెట్టాడు. అప్పటిదాకా మేఘాలూ హంసలూ రాయబారాలు మోసిన చోట ఒక గబ్బిలాన్ని పంపాడు. మన పని కావ్యంలోకి అట్లా వచ్చింది. 1997లో నాగప్పగారి సుందర్రాజు "మాదిగోడు" కథలతో సీమ మాదిగ తన నోటితో తన బతుకు చెప్పాడు. ఈ రెంటి మధ్య యాభై ఆరేళ్లు. మన గురించి రాయడం నుంచి మనమే రాయడం దాకా రావడానికి సాహిత్యంలో అంత సమయం పట్టింది. వ్యాపారంలో ఆ ప్రయాణం ఇంకా మొదలే కాలేదు.

పేరు ఎవరికి వస్తుందో చూడండి. తోలు పండించే కరక్కాయే శ్రీకాళహస్తి కలంకారీకీ ఆధారం. గుడ్డను పాలూ కరక్కాయా కలిపిన నీళ్లలో ముంచితేనే రంగు పట్టేది. కరక్కాయ వైద్యుడి చేతిలో ఉంటే మందు, కలంకారీలో ఉంటే కళ, మాదిగ తొట్టిలో ఉంటే కంపు. కాయ మారలేదు, చెయ్యి మారింది.

కలంకారీ కూడా ఒక దశలో ఆరిపోబోయిందే. కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు, పాత చేతుల నుంచి కొత్త చేతులకు పని అందింది. తర్వాత అనితా రెడ్డి మొదలుపెట్టిన "ద్వారక" సంస్థ ద్వారా అక్కడి పేద ఆడవాళ్లు కలం పట్టారు, బెంగళూరులో అమ్ముకున్నారు. నిమ్మలకుంటలో మేకతోలు మీద బొమ్మలు గీసేవాళ్లు ఆటలు తగ్గాక దీపాల తొడుగులు చేసి నిలబడ్డారు. వాళ్లలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. వాళ్లూ పేదవాళ్లే, వాళ్ల మీద నాకు ఈర్ష్య లేదు. తోలును "కళ" అంటే ఆదుకునే దేశం తోలును "పని" అంటే ఎందుకు ముక్కు మూసుకుంటుందనేదే నా ప్రశ్న.

ముక్కు మూసుకోవడంతో ఆగలేదు. 2016 జులైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు దళిత యువకుల్ని కట్టేసి కొట్టారు. నెల తిరక్కుండా మన అమలాపురంలో, కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న మాదిగ అన్నదమ్ముల మీద దాడి జరిగింది. ఇన్ని వందల ఏళ్లు ఆ పని చెయ్యకపోతే కొట్టారు. ఇప్పుడు చేస్తే కొడుతున్నారు.

*

"అయితే సార్, ఈ పని వదిలేయడమే మేలు కదా?" అని అడుగుతారు. అంబేడ్కర్ చచ్చిన పశువుల్ని ఈడ్చే పని మానెయ్యమని మహార్లకు పిలుపునిచ్చాడు. "కుల నిర్మూలన"లో ఆయన వాదన కూడా అదే దారి. మనిషి తన ఇష్టంతో, తన శక్తిని బట్టి ఎంచుకోని పని బానిసత్వమే. కాబట్టి వదిలే హక్కు మొదటి హక్కు. మన పిల్లలు డాక్టర్లు, కలెక్టర్లు, లెక్చరర్లు కావాలి. దీనిలో రాజీ లేదు.

కానీ వదిలేవాడు ఖాళీ చేతులతో వదలకూడదు. పనిని వదిలినా ఆ జ్ఞానం మీద మన పేరు, మన వాటా వదులుకోనక్కర్లేదు. అట్లా వదులుకోనివాళ్లు ఉన్నారు, ఇద్దరి గురించి చెబుతా.

మొదటిది మన పక్క రాష్ట్రంలోనే, జహీరాబాద్ ప్రాంతం. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పాటు అక్కడి ఊళ్లలో ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. ఎక్కువమంది దళిత మహిళలు, అందులో ఎక్కువమంది మాదిగ మహిళలు. బడి మెట్లెక్కనివాళ్లు చాలామంది. వాళ్ల పనితనం విత్తనం. ఏ నేలలో ఏ జొన్న, ఏ కంది, ఏ కొర్ర వేయాలి, విత్తనాన్ని వేపాకు, బూడిద కలిపి మట్టి పూసిన బుట్టలో ఎట్లా దాచాలి, ఇవన్నీ వాళ్లకు తెలుసు.

తొంభైల మధ్యలో వాళ్లు చేసిన పని నాకు మహా ఇష్టం. ముప్పైకి పైగా ఊళ్లలో పేద రైతుల బీడు భూములు రెండున్నర వేల ఎకరాల దాకా సాగులోకి తెచ్చారు. సాగుకు సంఘం అప్పు ఇస్తుంది. రైతు ఆ అప్పును డబ్బుగా కాదు, జొన్నలుగా తీరుస్తాడు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ. కరువు నెలల్లో ఊళ్లోని నిరుపేదలకు తక్కువ ధరకు ఇస్తారు. వచ్చిన డబ్బు మళ్లీ నిధిలోకి. నిరుపేదలు ఎవరో తేల్చింది ఆఫీసరు కాదు. ఊరందరి ముందూ నేల మీద ఇళ్ల పటం గీసి, ఒక్కో ఇంటి బతుకు చెప్పుకొని సంఘం ఆడవాళ్లే తేల్చారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వాడకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ఆకలిని గుర్తుపట్టడం కూడా పనితనమే, అది ఏ సర్టిఫికెట్లోనూ రాయరు. 2008లో వాళ్లే సంఘం రేడియో పెట్టుకున్నారు, 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజు వచ్చింది. కళ్లంలో మేర కోసం చెయ్యి చాచిన కులం ఆడవాళ్లు కొలమానం తమ చేతిలోకి తీసుకున్నారు. నాకు బహుమతి కంటే అదే పెద్దది.

రెండోది కర్ణాటక బెళగావి జిల్లా అథణి. కొల్హాపురి చెప్పులు కుట్టే ఊరు. అక్కడ కుట్టూ జడా అల్లకం చాలావరకు ఆడవాళ్లదే, కానీ డబ్బు మగవాళ్ల చేతికి, లాభం షావుకారికి. తొంభైల చివర "టోహోల్డ్" పేరుతో ఆడవాళ్ల బృందాలే వ్యాపారంలో భాగస్వాములయ్యాయి. మద్రాసు తోలు సంస్థ కొలతలూ నాణ్యతా సరిచేయడంలో సాయపడింది. శాస్త్రం కూడా ఉపయోగపడింది, చేతిపని తెలిసినవాళ్లు యజమానులుగా ఉన్నారు కాబట్టి.

కొల్హాపురికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటకల తోలు సంస్థల పేరు మీద. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ షోలో అచ్చం అలాంటి చెప్పులు చూపించి, ఎక్కడివో చెప్పకుండా ఊరుకుంది. జనం నిలదీశాక ఒప్పుకుంది. నిలదీయడానికి చేతిలో ఒక కాగితం, నోట్లో ఒక పేరు ఉన్నాయి. మన సీమ కిర్రు చెప్పును రేపు ఎవరైనా ఎత్తుకుపోతే, ఏ పేరుతో అడుగుతాం?

*

ఇప్పుడు ఆ పిల్లోడి ప్రశ్నకు జవాబు.

2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. పద్దెనిమిది పనులు, అందులో చెప్పులు కుట్టడం ఒకటి. శిక్షణ, 15 వేల రూపాయల పనిముట్ల సాయం, రెండు విడతల్లో 3 లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. అర్హత ఉన్నవాళ్లు తీసుకోండి, అది మన పన్నుల డబ్బే, వదులుకోవద్దు. కానీ పనిముటు ఇచ్చినంత మాత్రాన సరుకు ఇచ్చినట్టు కాదు. అప్పు ఇచ్చినంత మాత్రాన సంత ఇచ్చినట్టు కాదు. తాత పని మనవడితో చేయించడానికి ఇచ్చే అప్పు ఒకటి, మనవణ్ని యజమానిని చేసే వాటా ఒకటి. రెండూ ఒకటి కావు.

కాబట్టి మీ వాడకు ఎవరైనా వచ్చి, ప్రభుత్వం కానీ, ఎన్జీవో కానీ, పెద్ద కంపెనీ సేవా విభాగం కానీ, "మీ పనితనంతో మీ సమాజానికి మేలు చేస్తాం" అంటే నాలుగు ప్రశ్నలు అడగండి.

ముడిసరుకు ఎవరిది? తోలు, విత్తనం, నూలు, ఏదైనా సరే, అది ఆసామి దయ మీద వస్తుందా, మన హక్కుగా వస్తుందా?

లెక్క పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? మన పిల్లల్లో బీకామ్ చదివినవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. ఆ పుస్తకం వాళ్ల చేతిలో పెడతారా?

సరుకు మీద ఎవరి పేరు ఉంటుంది?

ఇష్టం లేనివాడు రేపు ఈ పని మానేస్తే, వాడి పిల్లలకు చదువు దారి తెరిచే ఉంటుందా?

నాలుగింటికీ జవాబు సరిగ్గా వస్తే అది సోషల్ బిజినెస్. లేకపోతే పాత కళ్లమే, కొత్త బోర్డు.

చివరగా ఒక పని. మీ ఇళ్లలో, వాడలో తోలు పండించిన, తొండం కుట్టిన, పలక కట్టిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే, ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చోండి. ఫోను రికార్డింగు పెట్టండి. ఏ గుట్ట తంగేడు మంచిదో, ఎన్ని రోజులు నానబెట్టాలో, పనిముట్లను ఏమని పిలిచేవాళ్లో అడగండి. మా జేజినాయన పోయాక మిగిలింది ఆయన ఆరె, మా జేజి నోట్లో నాలుగు మాటలు. వాటితో నేను ఇంత రాయగలిగాను. మీ దగ్గర ఇంకా మనుషులే ఉన్నారు.

వచ్చే భాగంలో మాల నేతగాళ్ల మగ్గం గురించి రాస్తాను. జై భీమ్.